నీళ్ల పెడలు

సత్యవేణి పేగులో చీమ నడిచిన తొమ్మిది నిమిషాల వీడియోని డాక్టర్ గంగరాజు నలభై మూడోసారి చూస్తున్నాడు. కళ్లలో వత్తులేసుకుని చూసినా కళ్లు మండుతున్నాయే తప్ప సంగతి పట్టుబడటం లేదు. గులాబీరంగు గోడలు, మడతలు, మడతల మధ్య అక్కడక్కడా కాస్త జిగురు, మళ్లీ మడతలు. ఆఖర్న పచ్చటి అక్షరాలు: "శుభ్రం. ఐదేళ్ల తర్వాత రండి."

ఆ అక్షరాలు పడి నాలుగేళ్లయింది. ఐదో ఏడు రాకుండానే సత్యవేణి పెద్దపేగులో, కుడివైపున, నిమ్మకాయంత కాన్సర్ బయటపడింది. అప్పటికే కాలేయానికి పాకేసింది. ఆమెకి నలభై ఆరేళ్లు. గంగరాజుకి సొంత చెల్లెలు. ఇక చీమంటారా, దాన్ని పుట్టించినవాడు గంగరాజే!

నిజం చీమ కాదులెండి. చింతగింజంత యంత్రం. గుక్కెడు నీళ్లతో మింగితే పొట్టా చిన్నపేగూ దాటి, పెద్దపేగులో దిగాక ఆరు కాళ్లు విప్పుకుని నడుస్తుంది. నెత్తిన దీపం, ముందు కన్ను, కడుపులో నాలుగు చుక్కల నీళ్లు. దారిలో గోడ మీద పులిపిరికాయలాంటి కండ కనపడితే నీళ్లు కొట్టి కడుగుతుంది, తేరిపార చూస్తుంది, కత్తిరించి ఆ చోటు కాల్చి మూసేస్తుంది. మర్నాడు తన దారిన తను బయటికొచ్చేస్తుంది. ఆ కండల్ని డాక్టర్లు పాలిప్‌లంటారు. ఏళ్లు గడిచేకొద్దీ వాటిలో కొన్ని కాన్సర్లవుతాయి. ముందే కనిపెట్టి తీసేస్తే ఆ గొడవే ఉండదు. చెప్పుకోవడానికి ఇంతే.

కానీ జనం రావద్దూ! కాకినాడ చుట్టుపక్కల గంగరాజు ఎన్ని శిబిరాలు పెట్టాడో! వెనకనుంచి గొట్టం పంపి చూస్తారని తెలియగానే మగాళ్లు నవ్వేసి వెళ్లిపోయేవారు, ఆడవాళ్లు తల దించుకుని వెళ్లిపోయేవారు. అతని తండ్రి కూడా ఆ సిగ్గుతోనే పోయాడు. రెండేళ్లపాటు రక్తం పడుతుంటే మొలలని చెప్పి దాచుకున్నాడు, కొడుకు ఆ జబ్బుకే డాక్టరయి ఉండి కూడా.

సత్యవేణిదీ అదే వరస. నలభై దాటావు, నాన్నకొచ్చిన జబ్బు, పరీక్ష చేయించుకోమ్మా అని గంగరాజు రెండేళ్లు బతిమాలాడు. ఆవిడ కాకినాడ ఆర్టీసీ కాంప్లెక్సులో పద్దెనిమిదేళ్లుగా మైకులో బస్సులు చెప్పే మనిషి. "గదిలో నువ్వన్నా ఉంటావు, నీ శిష్యులన్నా ఉంటారు. రేపు వాళ్లే నా కౌంటరు దగ్గరకొచ్చి రాజమండ్రి బస్సెప్పుడని అడిగితే ఏ మొహం పెట్టుకుని చెప్పనన్నయ్యా?" అనేది. నిజానికి గంగరాజుకీ చేతులు రావు, సొంత చెల్లెలాయె. అందుకే చీమ తయారవగానే మొట్టమొదటి శిబిరంలో ఆమెకిచ్చాడు. ఇద్దరూ సిగ్గునుంచి గట్టెక్కారు. అలాగే ఊళ్లకి ఊళ్లు గట్టెక్కాయి. నాలుగేళ్లలో పదకొండు వేల ఆరొందల మంది మింగారు. గొట్టాలతో చూసే పాత నాలుగో నెంబరు గదికి తాళం పడింది.

*

ఆ మధ్యాహ్నం గంగరాజు చెల్లెలి ఇంటికెళ్లాడు. సత్యవేణి మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. కళ్లు పచ్చబడ్డాయి. కాళ్లు వాచాయి. కాన్సర్ డాక్టరు రెండు నెలలన్నాడు. అది అన్నాచెల్లెళ్లిద్దరికీ తెలుసు, పాపం సూర్యచంద్రం ఒక్కడికే తెలియదు. అతను ఆమె మొగుడు, కొబ్బరినీళ్లు తేవడానికి ఇప్పుడే బజారుకెళ్లాడు.

"దొరికిందా?" అంది సత్యవేణి.

"లేదే వేణీ. వీడియోని మద్రాసు పంపాను, హైదరాబాదు పంపాను. ఎవరికీ కనపడలేదు. చీమ తప్పు లేదంటున్నారు. తర్వాత పుట్టి తొందరగా పెరిగిందేమో అంటున్నారు."

"నువ్వేమంటావు?"

"నేనేమంటానే! నిన్ను చంపుకున్నానంటాను."

"ఛ, నోర్ముయ్." ఆమె కాసేపు ఆయాసం తీర్చుకుంది. "నా గోల వదిలెయ్. ఆ రోజు శిబిరంలో నా వెనకాల పదిహేనుమంది కూర్చున్నారు, గుర్తుందా? భయపడుతుంటే నేనే చెప్పాను, మా అన్నయ్య చేసిందే, నేను మింగుతున్నాను కదా, మీరూ మింగండని. బస్టాండులో కూడా చెప్పాను, మైకులో! పాలకొల్లు బస్సు చెప్పి, వెంటనే చీమ శిబిరం చెప్పేదాన్ని. నా మాట విని ఎంతమందెళ్లారో! దానికి నాలో కనపడనిది వాళ్లలో కనపడుతుందా?"

గంగరాజు ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దాడు.

"వాళ్లని చూడన్నయ్యా. నాకు మాటియ్యి."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎలా చూడాలో తెలియకుండానే మాటిచ్చేశాడు.

*

అడగడానికి ఇక ఎవరూ మిగల్లేదు గనక మర్నాడు సిస్టర్ సువార్తని పిలిచాడు. నాలుగో నెంబరు గదిలో ఆవిడ గంగరాజు పక్కన పదమూడేళ్లు పనిచేసింది. గది మూసేశాక కింద టీకాల విభాగంలో వేశారు. ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది. మాట తక్కువ. పదమూడేళ్లలో ఆవిడ తనతో ఏం మాట్లాడిందో గుర్తు చేసుకోమంటే గంగరాజు తెల్లమొహం వెయ్యాల్సిందే.

"మీరూ ఒకసారి చూడండి సిస్టర్. మా చెల్లెలిది."

ఆవిడ స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. వీడియో నడిచింది. మూడో నిమిషం దాటాక బల్ల కింద "టప్" మంది. గంగరాజు పట్టించుకోలేదు. మళ్లీ మొదట్నించీ వేశాడు. మళ్లీ అక్కడికొచ్చేసరికి "టప్". మూడోసారి వేసి, ఈసారి తెర వదిలేసి బల్ల కిందకి చూశాడు.

సువార్త కుడికాలు. తెర మీద ఫలానా మడత రాగానే ఆ కాలు చెప్పుతో సహా నేలని తొక్కింది. ఏమీ లేని నేలని!

గంగరాజు వీడియో ఆపేశాడు. "ఏం తొక్కారు?"

ఆవిడ కంగారుగా కాలు వెనక్కి తీసుకుంది. "ఏం లేదు సార్. అలవాటండి."

"ఏం అలవాటు?"

"నీళ్ల పెడలు సార్."

పేగు గోడ మీద నీళ్లు చిమ్మే పెడలది. వేరే ఆసుపత్రుల్లో డాక్టరు కాలి కిందే ఉంటుంది. గంగరాజుకి రెండు చేతులతోపాటు కాలు కూడా ఆడించడం కుదరక, దాన్ని మొదట్లోనే సిస్టరు వైపు పెట్టించాడు. తను "నీళ్లు" అంటే ఆవిడ తొక్కాలి. అదీ పద్ధతి.

"ఇక్కడే ఎందుకు తొక్కారు? మూడుసార్లూ ఇక్కడే తొక్కారు!"

సువార్త తెర వంక చూసింది. చెప్పాలా వద్దా అని తటపటాయించింది. "ఆ జిగురు కింద ఏదో ఉందండి. చుట్టూ ఉన్న నరాలు అక్కడికొచ్చి మాయమైపోతున్నాయి చూడండి. కడిగుంటే తెలిసేది."

గంగరాజు తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. నలభై మూడుసార్లు చూసిన చోటే. మడత మీద చాప పరిచినట్టు పల్చటి జిగురు. దాని అంచు చుట్టూ సన్నటి ఎర్రగీతలు వచ్చి ఆగిపోయాయి. ఉబ్బు లేదు, కాడ లేదు. గోడకి అంటుకుపోయి జిగురు కప్పుకుని పడుకునే పాలిప్‌లుంటాయి, అవి కుడివైపునే ఎక్కువ, అన్నిటికన్నా మోసకారివి అవే. వాటి గురించి అతను ఎన్ని క్లాసులు చెప్పాడో! అలాంటిది తన కళ్లెదుట చెల్లెలి ఒంట్లో ఉంటే చూడలేకపోయాడు.

"మరి గదిలో ఇన్నేళ్లూ... నేను నీళ్లనకుండా కూడా తొక్కేవారా?"

"తొక్కేదాన్నండి."

"ఎన్నిసార్లు?"

"మీరు దాటిపోతున్నప్పుడల్లా సార్." ఆవిడ గొంతు బాగా తగ్గిపోయింది. "కొత్తలో ఒకసారి నోటితో చెప్పానండి, సార్ అక్కడేదో ఉందీ అని. పేషెంటు చుట్టాల ముందు కేకలేశారు, డాక్టరు నువ్వా నేనా అని. మరింకెప్పుడూ చెప్పలేదు. నీళ్లు కొడితే జిగురు పోయేది, మీరే చూసుకునేవారు. ఎవరికీ చిన్నతనం ఉండేది కాదు."

గంగరాజుకి ఆ కేకలు గుర్తులేవు. గుర్తున్నదల్లా, నీళ్లు దండగ చేస్తున్నారని ఆవిణ్ని ఎన్నోసార్లు విసుక్కోవడం. వందమందిని చూస్తే నలభైమందిలో పాలిప్‌లు పట్టే డాక్టరని పేరు. ఆ చేతికీ కంటికీ శాలువాలు కప్పారు. ఆ పేరులో సగం ఈవిడ పాదానిదని ఇప్పుడు తెలిసింది! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వెంటనే, అంతకంటే ఘోరమైనది తట్టింది.

చీమకి చూపు నేర్పింది ఆ గది వీడియోలతోనే.

*

చీమ మెదడు తయారుచేసిన ఇంజనీరు మెహరున్నీసా పరిగెత్తుకుంటూ వచ్చింది. విన్నది. పాత వీడియోలు రెండు వందలు తీసి, ప్రతి పాలిప్‌కీ ముందు నీళ్లెప్పుడు పడ్డాయో చూసింది. సాయంత్రానికి ఆమె మొహంలో రక్తం లేదు.

"ఉబ్బెత్తు వాటిని చీమ బానే గుర్తుపడుతోంది సార్. బల్లపరుపువి ఉన్నాయి చూడండి, మన వీడియోల్లో ప్రతిదానికీ ముందు నీళ్లు పడ్డాయి. ఒక్కటి కూడా తప్పలేదు. కడిగి తళతళలాడుతున్న మచ్చనే పాలిప్ అని అది నేర్చుకుంది. కడగనిది దాని లెక్కలో వట్టి జిగురు."

"చీమ దగ్గరా నీళ్లున్నాయిగా!"

"నాలుగు చుక్కలు సార్. అనుమానం వస్తేనే వాడమని మనమే చెప్పాం. నీళ్లు పడితేగాని దానికి అనుమానం రాదు, అనుమానం వస్తేగాని నీళ్లు కొట్టదు."

"మరి పరీక్షలన్నిట్లో నెగ్గిందిగా మెహర్!"

"ఆ పరీక్షలకి పెట్టిన వీడియోలు కూడా సిస్టరుగారి గదివే సార్," అని ఆ పిల్ల ఏడ్చేసింది.

ఆసుపత్రి నడిపే ట్రస్టు ఛైర్మన్ వేంకటరాయుడుగారు ఆసాంతం విన్నారు. పై సోమవారం ఇంకో ఆరు జిల్లాలకి చీమలు బయల్దేరుతున్నాయి. "ఒక నర్సు కాలు తొక్కిందని పదకొండు వేలమందిని భయపెడతారా డాక్టరుగారూ? మీ ఇంట్లో కష్టమొచ్చింది, అర్థం చేసుకోగలను. రుజువు తెండి, నేనే ఆపిస్తాను," అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికీ లేదు.

ఆ రోజు శిబిరంలో సత్యవేణి వెనక కూర్చున్న పదిహేనుమంది వీడియోల్నీ సువార్త ముందు పెట్టాడు గంగరాజు. రెండింటి దగ్గర ఆవిడ కాలు కదిలింది. మొదటావిడ ఇంటికి ఫోన్ చేస్తే కొడుకెత్తాడు. అమ్మ పోయి ఏడాదయిందన్నాడు. ఏ జబ్బండీ అంటే, పచ్చకామెర్లన్నారండీ, నెల్లాళ్లలో పోయిందన్నాడు. గంగరాజు ఫోన్ పెట్టేశాడు. చెల్లెలి కళ్లు పచ్చబడింది కూడా కాన్సర్ కాలేయానికి పాకాకే. రెండోవాడు ఉప్పాడలో చేపలు పట్టుకునే ఓలేటి దుర్గయ్య. యాభై మూడేళ్లవాడు. గంగరాజే కారేసుకుని వెళ్లి, రేవులో వలలు బాగుచేసుకుంటున్నవాడి కాళ్లావేళ్లా పడినంత పనిచేశాడు. దుర్గయ్య సిగ్గుపడి, నవ్వి, చివరికి ఆ డాక్టరు మొహం చూడలేక సరేనన్నాడు.

*

నాలుగో నెంబరు గది తాళం తీశారు. గొట్టం కడిగి, గాలి కారుతోందేమో చూసి, దీపం వెలిగించారు. దుర్గయ్య ముందురోజు రాత్రంతా ఆ నిమ్మకాయ వాసన మందునీళ్లు తాగి పేగు ఖాళీ చేసుకుని వచ్చాడు. మత్తిచ్చి ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు. అద్దం వెనక ఛైర్మన్‌గారు, మెహరున్నీసా నిలబడ్డారు.

సువార్త అలవాటుగా పెడలు తన వైపు లాక్కోబోయింది.

"వద్దు," అన్నాడు గంగరాజు. "ఇవాళ అది నా కాలి కింద పెట్టండి. మీరు నోటితో చెప్పండి."

"నేనా సార్?"

"మీరే. నన్ను తిట్టినా సరే, చెప్పండి."

నాలుగేళ్ల తర్వాత గంగరాజు మళ్లీ గొట్టం పట్టుకున్నాడు. పేగు చివరిదాకా వెళ్లి, అక్కణ్నించి మెల్లగా వెనక్కి లాగుతూ చూడటం మొదలుపెట్టాడు. తొందరపడి లాగేస్తే ఈ పరీక్ష చేసినా ఒకటే, చెయ్యకపోయినా ఒకటే. ఒక మడత దాటాడు. రెండో మడత. మూడోది. ఏం లేదేమో, ఆవిడ పొరపాటు పడిందేమో, చెల్లెలిది నిజంగా తలరాతేనేమో అనిపించింది. ఒక్క క్షణం, దేవుడా, అలా అయితే బాగుండునని కూడా అనిపించింది.

"సార్..." పక్కన సువార్త గొంతు వినపడింది. "దాటేశారు."

"ఎక్కడ?"

"వెనక్కి వెళ్లండి సార్. ఇంకా వెనక్కి. ఆ మడత పైన. మీకు కనపడలేదు గానీ, ఉందండి."

అక్కడ కొంచెం జిగురుంది. గంగరాజు పెడలు తొక్కాడు. నీళ్లు తగిలి జిగురు పొరలా లేచిపోయింది. దాని కింద, గోడ రంగులోనే, అర్ధరూపాయి బిళ్లంత మేర మచ్చ పరుచుకుని ఉంది. దాని కింద మందు ఎక్కించి పైకి లేపి, తీగ వేసి, ముక్కముక్కగా తీసేసరికి ముప్పావుగంట పట్టింది. అతని కళ్లజోడు మసకేస్తుంటే సువార్తే తుడిచి పెట్టింది.

ల్యాబు రిపోర్టు నాలుగో రోజున వచ్చింది. ఇంకా కాన్సర్ కాలేదు, ఆ దారిలోనే ఉంది. చీమల్ని ఆపేశారు.

*

ఆపేస్తే అయిపోయిందా! పదకొండు వేల ఆరొందలమంది సంగతేంటి? అందరికీ గొట్టం పెట్టి చూడాలంటే గంగరాజు రెండు చేతులకి ఆరేళ్లు పైనే పడుతుంది. జిగురు కింద ఉన్నది ఆరేళ్లు ఆగుతుందా? అందుకే ముందు వీడియోలు చూడాలన్నారు. సువార్త శిబిరాల వరసలో, పాతవాటినుంచి మొదలుపెట్టింది. పొద్దున్నే వచ్చి కూర్చునేది. పెడలు లేదిప్పుడు, నోటితోనే చెప్పేది, మెహరున్నీసా రాసుకునేది, ఆవిడ చూపుని చీమకి మళ్లీ మొదట్నించీ నేర్పేది. మూడువారాల్లో వెయ్యిమంది పైచిలుకు అయ్యారు. ఎనభై ఏడు పేర్లు తేలాయి.

ఎనభై ఏడుగురికీ ఉత్తరాలు రాశారు. ఆరుగురు వచ్చారు. ఆఫీసువాళ్లు ఫోన్లు చేస్తే తిట్లు తిన్నారు. శుభ్రమని మీరేగా కాగితమిచ్చారు, ఇప్పుడు కాదంటారేంటి, ఎవర్ని మోసం చేద్దామని? తుని దగ్గర ఒకాయన ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి గోడకి కొట్టుకున్నాడట, దాన్ని పీక్కెళ్లండి చూద్దాం అన్నాడు. పైగా ఈసారి మింగేది కాదు, మళ్లీ ఆ గొట్టమే. గంగరాజు స్వయంగా ఫోన్ చేశాడు. డాక్టరని చెప్పగానే పెట్టేశారు.

ఆ కాగితాలు పట్టుకుని చెల్లెలి దగ్గరికెళ్లాడు. ఏం చెయ్యాలో తోచక మంచం పక్కన కూలబడ్డాడు. "మాట నిలబెట్టుకోలేకపోతున్నానే వేణీ. ఎవరూ రావట్లేదు. నా కళ్లముందే పోతారు వీళ్లంతా."

సత్యవేణి బాగా చిక్కిపోయింది. మాట్లాడితే మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తోంది. "ఆ కాగితం ఇలా ఇయ్యి," అంది. "ఫోన్ కలుపు."

"నీకెందుకే ఈ శ్రమ!"

"వాళ్లని పంపింది నేను. పిలవాల్సిందీ నేనే. కలుపన్నయ్యా."

కలిపాడు. అవతల ఎవరో ముసలాయన, జగ్గంపేటవాడు, ఎవరంటూ విసుగ్గా అరిచాడు.

సత్యవేణి కళ్లు మూసుకుని ఊపిరి పట్టింది. తర్వాత వచ్చింది ఆ గొంతు. పద్దెనిమిదేళ్లు కాంప్లెక్సు నిండా మోగిన గొంతు, ఎక్కడా తొణక్కుండా.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. రాజమండ్రి వెళ్లు ఎక్స్‌ప్రెస్ రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది. ఈ గొంతు ఎప్పుడైనా విన్నారా బాబాయిగారూ?"

అవతల విసుగు ఆగిపోయింది. తర్వాత ఆశ్చర్యంగా, "ఓరి నాయనో! కాకినాడ బస్టాండమ్మాయివా? ఇప్పుడు నీ గొంతు రావట్లేదేంటమ్మా? ఎవరో కుర్రది చెబుతోంది."

"ఒంట్లో బాలేదండి. నా పేరు సత్యవేణి. మీరు నా మాట విని చీమని మింగారు. నేనూ మింగాను. మీకిచ్చిన కాగితమే నాకూ ఇచ్చారండి, శుభ్రమని." ఆమె ఆగింది. గంగరాజు నీళ్లగ్లాసు అందించబోతే చేత్తో వద్దంది. "నేను ఇంకో నెల ఉంటానేమోనండి. నాది చెయ్యి దాటిపోయింది. మీది దాటలేదు. రేపు రండి. సిగ్గుపడకండి బాబాయిగారూ. సిగ్గుపడే నేనిలా అయ్యాను."

ఈసారి ముసలాయన అరవలేదు. "వస్తానమ్మా. పొద్దున్న మొదటి బస్సుకే వస్తాను."

ఫోన్ పెట్టేసరికి ఆమె నుదుటంతా చెమట. తలగడ మీద వాలిపోయింది. గంగరాజు ఆమె కొంగుతోనే తుడిచాడు, ఏడుస్తూ తుడిచాడు. రోజుకి నాలుగైదు ఫోన్లకి మించి ఆ ఊపిరి చాలదు. ఈ కాగితంలో ఇంకా ఎనభైమంది ఉన్నారు. అక్కడ సువార్త రోజూ ఇంకొందరి పేర్లు చెబుతూనే ఉంది.

"పడుకోవే కాసేపు," అన్నాడు.

"పడుకోవడమెందుకూ, టైమవుతోంటే." కళ్లు తెరవకుండానే చెయ్యి చాపింది. "తర్వాతెవరు? ఏ ఊరు?"

గంగరాజు కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"పిఠాపురం," అన్నాడు.